మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పిల్లలెక్కడ?

(హ్యూస్టన్‌లో ఆదివారం ఉదయం తెలుగు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి పాఠం ఇది. మాట్లాడిన భాషని మార్చలేదు. రెండు మూడు చోట్ల చెప్పిందే చెప్పిన వాక్యాలు మాత్రం తీసేశాం.)



నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు "వాతావరణ మార్పుల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. "నేను శాస్త్రజ్ఞుణ్ణి కాదండీ, డేటాబేసులు చూసుకునేవాణ్ణి" అన్నాను. "ఫరవాలేదు, మీరు చేసిన పని గురించే చెప్పండి" అన్నారు. సరే, నేను చేసిన పని గురించే చెప్తాను. గాలిలో కార్బన్ ఎంతుంది, సముద్రం ఎంత పెరిగింది అన్నవి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ ఊళ్ళోనే చాలామంది ఉన్నారు.

మీలో చాలామందిలాగే నేనూ ఇక్కడికొచ్చి ఎమ్మెస్ చేసి, కన్సల్టింగులో పడ్డాను. ఆయిల్ కంపెనీలకీ, ఆసుపత్రులకీ, ఓసారి కుక్కల తిండి అమ్మే కంపెనీకీ కూడా డేటా సర్దిపెట్టాను. 2023 చివర్లో మా మేనేజరు పిలిచి, టెక్సస్ తీరానికి దగ్గర్లో ఉన్న ఒక కౌంటీ పేరు చెప్పి, "వాళ్ళు వరదలకీ, ఎండలకీ, తుఫానులకీ తట్టుకోవడానికి ఒక ప్రణాళిక రాసుకుంటున్నారు. అందులో పిల్లల భాగానికి డేటా పని నీది" అన్నాడు. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్తే, "మన పిల్ల ఏ క్లాసులో ఉందో అడిగితే తడుముకుంటావు, కౌంటీ పిల్లలందర్నీ నువ్వు చూస్తావా" అంది. అన్యాయంగా అందని చెప్పలేను.

ముందు ఈ ప్రణాళిక అంటే ఏమిటో చెప్పాలి. 2000లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం విపత్తుల నష్టం తగ్గించడానికి ప్రతి కౌంటీ ఒక ప్రణాళిక రాసుకుని, ఐదేళ్ళకోసారి దాన్ని కొత్తగా సరిచేసుకోవాలి. చెయ్యకపోతే కేంద్రం నుంచి కొన్ని రకాల నిధులు రావు. అంచేత అందరూ రాస్తారు. ఎక్కువభాగం మాలాంటి కన్సల్టెంట్లే రాస్తారు. ఉన్న మాట చెప్పుకోవాలంటే పాత కౌంటీ పేరు తీసేసి కొత్త కౌంటీ పేరు పెట్టిన ప్రణాళికలు కూడా నా కంటబడ్డాయి.

ఎవరు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారో తేల్చడానికి ఈ ప్రణాళికల్లో ఒక సూచీ వాడతారు. సీడీసీ వాళ్ళది. సెన్సస్ వాళ్ళు ఊరిని సుమారు నాలుగు వేలమంది ఉండే ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కకీ 16 అంశాలు చూస్తారు. పేదవాళ్ళు ఎంతమంది, బండి లేనివాళ్ళు ఎంతమంది, ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్ళు ఎంతమంది, 65 ఏళ్ళు దాటినవాళ్ళు ఎంతమంది, ఇలాగ. ఆ పదహారింటిలో ఒక గడి పిల్లలది. పదిహేడేళ్ళు, అంతకన్నా తక్కువ వయసు. అంతే. మూడు నెలల పసిగుడ్డూ, ఆరడుగుల ఫుట్‌బాల్ ఆటగాడూ ఒకే గడిలో ఒకే శాతంగా కూర్చుంటారు. నాకు ఆ గడి చూడగానే పెద్దగా ఏమీ అనిపించలేదు. శుభ్రంగా ఉంది, ఖాళీలు లేవు, డేటాబేసువాడికి అంతకన్నా ఏం కావాలి? రెండు వారాల్లో రంగురంగుల మ్యాపులు చేసి చూపించాను. పిల్లలు ఎక్కువున్న పేటలు ముదురు ఎరుపు, తక్కువున్నవి లేత పసుపు.

ఆ సమావేశంలో ఒకావిడ ఉన్నారు. అగ్నిమాపక శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరై, మళ్ళీ సలహాదారుగా వచ్చినావిడ. నా మ్యాపు చాలాసేపు చూసి, "ఇది బాగుంది. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి ఈ పిల్లలు ఎక్కడుంటారు?" అని అడిగారు.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. సెన్సస్ రాసుకునేది పిల్లవాడు రాత్రి పడుకునే ఇంటి చిరునామా. మంగళవారం మధ్యాహ్నం ఆ ఎర్రటి పేటలో ఒక్క పిల్ల కూడా ఉండదు. బళ్ళో ఉంటారు, డేకేర్‌లో ఉంటారు. మూడున్నరకి బస్సులో ఉంటారు. ఐదింటికి ఈతకో, పాటకో, డాన్సుకో వెళ్ళి ఉంటారు. పెద్దవాడికి బండి ఉంది, ఫోనుంది, కాళ్ళున్నాయి, వాడు ఎక్కడున్నా ఇంటికి రాగలడు. ఐదేళ్ళ పిల్లని ఎవరో ఒకళ్ళు తీసుకురావాలి. అంచేత పిల్లల విషయంలో ఎంతమంది అన్న ప్రశ్న ఒక్కటీ చాలదు. ఏ గంటకి ఎక్కడ, ఎవరి చేతిలో అన్నది కావాలి. నా మ్యాపులో అది లేదు. ఆ రోజు నుంచి నా పని మొదలైందనుకోవచ్చు. అప్పటిదాకా చేసింది రంగులద్దడం.

ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను న్యూ ఓర్లీన్సుని ముంచెత్తినప్పుడు మన ఆస్ట్రోడోమ్‌కి బస్సుల్లో వేలమందిని తీసుకొచ్చారు. అప్పుడు వెళ్ళి అన్నాలు వడ్డించిన పెద్దలు ఈ కార్యక్రమం వింటూ ఉండవచ్చు. ఆ తుఫానుల తర్వాత తప్పిపోయినట్టో, పెద్దవాళ్ళ నుంచి విడిపోయినట్టో నమోదైన పిల్లల కేసులు 5,192. కొన్నిచోట్ల పిల్లల్ని ముందు పంపించి, పెద్దవాళ్ళని తర్వాత పంపించారు. పిల్లలు ఒక రాష్ట్రానికి, తల్లి ఇంకో రాష్ట్రానికి. చివరి పాప తల్లి దగ్గరకి చేరేసరికి 2006 మార్చి అయింది. అంటే ఆరు నెలల పైన. ఆ పాపకి అప్పుడు నాలుగేళ్ళు. నాలుగేళ్ళ పిల్లని మీ అమ్మ పేరేమిటి అంటే ఏం చెప్తుంది? "అమ్మ" అంటుంది.

దాని తర్వాత 2006లో విపత్తు వేళల్లో తప్పిపోయిన పిల్లల్ని వెతికే జాతీయ కేంద్రం ఒకటి పెట్టాలని చట్టం చేశారు. పిల్లలూ, విపత్తులూ అన్న విషయం మీద ఒక జాతీయ కమిషన్ వేశారు, అది 2010లో తుది నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక నేను మొత్తం చదివాను. దాని సారం ఏమిటంటే, ప్రణాళికలన్నీ ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషిని ఊహించుకుని రాసినవి, పిల్లల్ని చివర్లో ఒక పేరాగా తగిలించినవి అని. పునరావాస కేంద్రంలో మడత మంచాలుంటాయి, చంటిపిల్లకి తొట్టి ఉండదు. దుప్పట్లుంటాయి, డైపర్లుండవు. వినడానికి చిన్న విషయాలే. ఏడాది పిల్లతో అక్కడ ఒక రాత్రి గడపాల్సిన తల్లికి కాదు.

ఇక్కడ నాకు ఒళ్ళుమండే మాట ఒకటుంది, చెప్పి ముందుకెళ్తాను. రెసిలియెన్స్. మా వృత్తిలో ప్రతి కాగితం మీదా ఉంటుంది. దెబ్బ తగిలినా తట్టుకుని మళ్ళీ నిలబడటం అన్నమాట. సమావేశాల్లో డబ్బు దగ్గరకి వచ్చేసరికి ఎవరో ఒకరు "పిల్లలు చాలా రెసిలియెంట్ అండీ, త్వరగా కోలుకుంటారు" అంటారు. మన పెద్దవాళ్ళూ అంటారు కదా, చిన్నపిల్లలు, రెండ్రోజుల్లో మర్చిపోతారులే అని. ఆ మాట తర్వాత ఆ పద్దు కిందకి జారిపోవడం నేను మూడు సార్లు చూశాను.

సరే, పనిలోకి వద్దాం. గంటల వారీగా పిల్లలెక్కడుంటారో పట్టిక కట్టడం మొదలుపెట్టాం. బడుల చిరునామాలు దొరికాయి. లైసెన్సున్న డేకేర్ల జాబితా రాష్ట్రం దగ్గరుంది. వాటిని వరద మ్యాపు మీద పెట్టాం. ఎన్ని బడులు ఎక్కడ పడ్డాయన్నది ఆ కౌంటీ చెప్పుకోవాల్సిన సంగతి, నేను చెప్పకూడదు. లెక్క ఎలా చూడాలో మాత్రం చెప్తాను, మీ ఇంటికీ పనికొస్తుంది. వందేళ్ళ వరద అని వింటూంటాం. వందేళ్ళకోసారి వస్తుందని కాదు దాని అర్థం. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. పిల్ల కిండర్‌గార్టెన్‌లో చేరిన దగ్గర్నుంచి పన్నెండో క్లాసు దాకా పదమూడేళ్ళు. ఆ బళ్ళన్నీ ఆ గీత లోపలే ఉంటే, ఆ పదమూడేళ్ళలో ఒక్కసారైనా నీళ్ళొచ్చే అవకాశం నూటికి 12. ఎనిమిదిమంది పిల్లల్లో ఒకరికి అనుకోండి. వందేళ్ళు అనగానే మనకెందుకులే అనుకున్న బోర్డు సభ్యులు ఈ పన్నెండు చూసి కాస్త ముందుకి వంగారు.

2017లో హార్వీ అప్పుడు ఇక్కడున్నవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఆగస్టు 28న తెరవాల్సిన హ్యూస్టన్ బళ్ళు సెప్టెంబరు 11న తెరుచుకున్నాయి, అదీ అన్నీ కాదు. నీళ్ళు తీసిన తర్వాత ఇల్లు బాగుచేసుకోవడానికి సహాయం ఉంది, రోడ్లకి ఉంది. రెండు వారాలు పిల్లల్ని ఎవరు చూసుకుంటారన్నది ఎవరి పద్దులోనూ లేదు. గంటల లెక్కన జీతం తీసుకునే తల్లికి అది రెండు వారాల జీతం.

ఇంకో చిక్కు బడి భవనాలు. తుఫానొస్తే జనాన్ని పెట్టేది బళ్ళోనే. మన కృష్ణా, గుంటూరు తీరాల్లోనూ అంతే. 1977 తుఫాను తర్వాత కట్టిన షెల్టర్లు చాలాచోట్ల మామూలు రోజుల్లో బళ్ళే. మంచిదే. కాని జనం ఉన్నన్నాళ్ళూ చదువు ఆగిపోతుంది. దీనికి ఫిలిప్పీన్సు వాళ్ళు ఒక దారి చూశారు. 2013లో హయాన్ తుఫానుకి టాక్లోబాన్ లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాక, 2016లో పిల్లల కోసమే ఒక విపత్తు చట్టం చేసుకున్నారు. దాని ప్రకారం వేరే చోటు లేకపోతేనే బడిని వాడాలి. ముందు జిమ్ము, ఆడిటోరియం లాంటివి ఇవ్వాలి, తరగతి గదులు అన్నిటికన్నా చివర. పదిహేను రోజులు దాటేట్టుంటే స్థానిక ప్రభుత్వం కారణం కాగితం మీద రాసివ్వాలి. చూడండి, ఖర్చు లేని చట్టం. ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, అంతే. సంతకం పెట్టాల్సి వస్తే మనుషులు పద్నాలుగో రోజున మేలుకుంటారు. మా ప్రణాళికలోకి దీన్ని దాదాపు ఉన్నదున్నట్టు తెచ్చాం, కౌంటీ ఒప్పుకుంది.

ఒప్పుకోనిది కూడా చెప్పాలి. ఎండల గురించి చర్చ వచ్చినప్పుడు నేను ఉత్సాహంగా లేచి మన ఒంటిపూట బడుల గురించి చెప్పాను. చిన్నపిల్లల శరీరం పెద్దవాళ్ళకన్నా త్వరగా వేడెక్కుతుంది. మూసిన కారులోనైతే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా. మా రాష్ట్రాల్లో మార్చి మధ్య నుంచి పొద్దున్నే బడి పెట్టి, మధ్యాహ్నం పన్నెండున్నరకి అన్నం పెట్టి ఇంటికి పంపేస్తారు, ఏసీలక్కర్లేదు, గడియారం మారిస్తే చాలు అన్నాను. 2024లో ప్రపంచం మొత్తం మీద 85 దేశాల్లో కనీసం 24 కోట్ల 20 లక్షలమంది పిల్లల చదువు వాతావరణ విపరీతాల వల్ల దెబ్బతిందనీ, వాటిలో వడగాలులదే పెద్ద వాటా అనీ యునిసెఫ్ లెక్క కట్టింది. అంతటి సమస్యకి మా అమ్మమ్మ కాలం నాటి జవాబు మా దగ్గరుందని కాస్త గర్వంగానే చెప్పాను.

ఆ ఫైరింజనావిడే మళ్ళీ అడిగారు. "మరి పన్నెండున్నర తర్వాత ఎక్కడుంటారు?"

నేను నోరు తెరిచి మూసేశాను. ఎందుకంటే నాకు తెలుసు. మాది రేపల్లె పక్కన పల్లెటూరు. నేను ఆరో క్లాసులో ఉండగా ఏప్రిల్‌లో ఒంటిపూట బడి వదిలాక నలుగురం చెరువుకి వెళ్ళాం. ముగ్గురం వచ్చాం. పెద్దవాళ్ళు పొలం పనుల్లో ఉన్నారు. వాడు రాలేదని వాళ్ళమ్మకి తెలిసేసరికి సాయంత్రం అయింది. ముప్ఫై ఏళ్ళు కావస్తోంది, నేను ఇది మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఆ సమావేశంలో కూడా చెప్పలేదు. "ఇంట్లో అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉంటారండీ" అన్నాను. "ఇక్కడ ఉండరు కదా" అన్నారావిడ. ఒంటిపూట ప్రతిపాదన అక్కడితో పోయింది. పోవడమే న్యాయం. ఎండ నుంచి తప్పించాం అనుకుని పిల్లల్ని ఇంకెక్కడికి పంపిస్తున్నామో చూసుకోకపోతే అది సగం లెక్కే. ఒంటిపూట బడులు వద్దని నేననడం లేదు, పొరపాటున అలా అనుకోకండి. రెండో పూట సంగతి కూడా ఎవరో ఒకరి బాధ్యతగా రాసి ఉండాలంటున్నాను.

పోయినేడాది, అంటే 2025లో, జులై 4 తెల్లవారుజామున గ్వాదలూపే నది పొంగింది. వేసవి శిబిరానికి వెళ్ళిన ఆడపిల్లలూ, వాళ్ళని చూసుకునే అమ్మాయిలూ కలిపి ఒక్క శిబిరంలోనే 27 మంది పోయారు. టీవీ ముందు కూర్చుని నేను చేసింది సిగ్గుపడాల్సిన పని. నా పట్టిక తెరిచి చూశాను. బడులున్నాయి, డేకేర్లున్నాయి, బస్సులున్నాయి. రాత్రిపూట పడుకునే శిబిరాలు లేవు. రాత్రయితే పిల్లలు ఇంట్లోనే ఉంటారని నేనూ అనుకున్నాను. అది మా కౌంటీ కాదు, మా పని వల్ల జరిగేదీ ఆగేదీ ఏమీ లేదు. అయినా ఆ వారం నాకు నిద్రపట్టలేదు. తర్వాత సెప్టెంబరులో రాష్ట్రం చట్టం చేసింది, వరద ప్రాంతంలో పిల్లలు పడుకునే క్యాబిన్లు ఉండకూడదని. మేమూ ఆ వరస చేర్చాం.

ఇకపోతే మన సంగతి. ఇది చెప్పడానికే ఇవాళ వచ్చాననుకోండి.

విపత్తులో పిల్లని పెద్దవాళ్ళకి అప్పగించాలంటే కాగితం మీద పేరూ, ఎదురుగా ఉన్న మనిషి పేరూ కలవాలి. మా జట్టు ఆ నిబంధన రాసింది. ఫొటో గుర్తింపు కార్డులో పేరు, అనుమతి ఉన్నవాళ్ళ జాబితాలో పేరు సరిపోతేనే పిల్లని పంపాలి అని. నేనే ఆ ఫారం తయారుచేశాను. మంచి నిబంధనే, ఎవరుపడితే వాళ్ళొచ్చి పిల్లల్ని తీసుకుపోకుండా.

2024 మే 16, గురువారం సాయంత్రం. గుర్తుందా, డెరేచో అన్నారు, గాలి పెనుతుఫానులా వచ్చి డౌన్‌టౌన్‌లో మేడల అద్దాలన్నీ రాల్చేసింది. దాదాపు పది లక్షల కనెక్షన్లకి కరెంటు పోయింది. నేను డౌన్‌టౌన్‌లోనే ఉన్నాను, మా భవనంలోంచి బయటికి రానివ్వలేదు. మా ఆవిడ ఆసుపత్రిలో డ్యూటీలో, ఫోను లాకర్‌లో. మా అమ్మాయికి ఏడేళ్ళు, బడి తర్వాత ఉండే కేర్ సెంటర్‌లో ఉంది. ఆరున్నరకి మూసెయ్యాలి. వాళ్ళు నాకు ఫోన్ చేశారు, సిగ్నల్ లేదు. మా ఆవిడకి చేశారు, ఎత్తలేదు. మూడో నంబరు మా నాన్నగారిది. మా నాన్నగారు ఆర్నెల్లు ఉండి మార్చిలోనే ఇండియా వెళ్ళిపోయారు. ఆ ప్రీపెయిడ్ నంబరు పనిచెయ్యడం కూడా మానేసింది. మేం కార్డు మార్చలేదు.

మా పక్కింటావిడ, తమిళులు, తన పిల్లవాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చి మా అమ్మాయిని చూసి, నేను తీసుకెళ్తానన్నారట. జాబితాలో ఆవిడ పేరు లేదు. పంపలేదు. సరిగ్గానే చేశారు.

నేను చేరేసరికి తొమ్మిదిన్నర. కరెంటు లేదు, టార్చిలైటు పెట్టుకుని ఒకమ్మాయి కూర్చుంది, ఆ వారమే పనిలో చేరిందట, నన్నెప్పుడూ చూడలేదు. మా అమ్మాయి "నాన్నా" అని పరిగెత్తుకొచ్చింది. ఆ అమ్మాయి లైసెన్సు అడిగింది. ఇచ్చాను. నా పాస్‌పోర్టులో ఒక గడిలోనే పేరంతా ఉంది, రెండోది ఖాళీ. అంచేత వీసాలో మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. మీలో ఎంతమందికి ఈ ఎఫ్‌ఎన్‌యూ అన్న పేరుందో నాకు తెలుసు. నా సొంత పేరు ఇంటిపేరై కూర్చుంది. లైసెన్సులోనూ అదే వచ్చింది. మా అమ్మాయి ఇక్కడ పుట్టింది కాబట్టి దానికి ముచ్చటగా అసలు ఇంటిపేరు పెట్టాం. కార్డు మీద తండ్రి పేరు మా ఆవిడ రాసింది, మనవాళ్ళు పిలిచే పేరు, ఇంటిపేరుతో సహా. మూడు కాగితాలు, మూడు పేర్లు. ఆ అమ్మాయి మర్యాదగానే, "సారీ సర్, ఇది సరిపోవడం లేదు" అంది.

నా ఫారమే. నా వాక్యమే. గడప మీద నిలబడి చదువుకున్నాను.

ఇరవై నిమిషాలు పట్టింది, వాళ్ళ పైఅధికారికి ఫోను కలిసి, ఆవిడ నన్ను గొంతు బట్టి గుర్తుపట్టేదాకా. ఇరవై నిమిషాలే కదా అనుకోవచ్చు. ఆ ఇరవై నిమిషాలూ మా అమ్మాయి నా చెయ్యి పట్టుకునే ఉంది, కాని నాతో రావడానికి లేదు. అది ఏడవలేదు. ఏడవకుండా, "నాన్నా, నువ్వు మా నాన్నవి కాదా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున బళ్ళకి సెలవిచ్చారు. నేను ఆఫీసు పని తెరిచి ఆ ఫారం మార్చడం మొదలుపెట్టాను. పెద్ద మార్పేమీ కాదు. పేరు రాసే చోట రెండు వరసలు పెట్టాం, గుర్తింపు కార్డులో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటి, పిలిచే పేరు ఒకటి. ఏడాదికి రెండుసార్లు మూడో నంబరుకి నిజంగా ఫోన్ చేసి చూడాలి అని ఒక వాక్యం. తరవాత తెలిసింది, ఇది మనకొక్కళ్ళకే ఉన్న చిక్కు కాదు. రెండు ఇంటిపేర్లుండే మెక్సికో కుటుంబాలకీ ఇదే గొడవ, మన తీరంలో చేపల వేట మీద బతికే వియత్నాం కుటుంబాలకీ ఇదే గొడవ. వాళ్ళని ఎవరూ సమావేశానికి పిలవలేదు. నేను కూడా మన పేర్ల కోసం పిలవబడినవాణ్ణి కాదు, డేటా కోసం వచ్చి ఇరుక్కున్నవాణ్ణి.

మా అమ్మది దివిసీమ, నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినావిడ మా అమ్మమ్మ. అధికారిక లెక్కే పదివేలు. ఆవిడ దాని గురించి పెద్దగా మాట్లాడేది కాదు. కాని గాలి గట్టిగా వీచిందంటే మనవలందర్నీ వసారాలోకి పిలిచేది. తలలు లెక్కపెట్టేది కాదు, ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలిచి, పలికేదాకా ఊరుకునేది కాదు. మాకు నవ్వొచ్చేది. మా ప్రణాళికలో పిల్లలు మొదట్లో శాతంగా ఉండేవాళ్ళు. ఇప్పుడు కనీసం కేర్ సెంటర్ల దగ్గర రోజువారీ పేర్ల జాబితా కాగితం మీద ఉంటుంది, కరెంటు పోయినా చదువుకునేట్టు. కంప్యూటరువాడు కాగితం కావాలని పట్టుబట్టడం చూసి మా మేనేజరు చాలా నవ్వాడు.

జాబితాలో ఇంకా లేనివి చెప్పి ముగిస్తాను. మన ఆంటీల ఇళ్ళు లేవు. మీకు తెలుసు, నాకు తెలుసు, మన పేటల్లో లైసెన్సు లేకుండా నలుగురైదుగురు పిల్లల్ని చూసుకునే ఆంటీలున్నారు. వాళ్ళ మీద ఫిర్యాదు కాదండీ, మా అమ్మాయి రెండేళ్ళు అలాంటి ఇంట్లోనే పప్పన్నం తిని పెరిగింది. కాని వరదొస్తే ఆ ఇంట్లో ఐదుగురు పసిపిల్లలున్నారని అగ్నిమాపక శాఖకి తెలిసే దారి లేదు. అద్దె గదుల్లో జరిగే శనాదివారాల తెలుగు బళ్ళు లేవు, గరాజుల్లో జరిగే సంగీతం క్లాసులు లేవు. ఫోనుకొచ్చే హెచ్చరికలు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ వస్తాయి. మనం ఇద్దరం ఉద్యోగాలకి పోయాక ఇంట్లో మనవడితో ఉండే నాయనమ్మకి ఆ మోత వినిపిస్తుంది, మాట అర్థం కాదు. మా అమ్మ పోయిన వేసవిలో వచ్చినప్పుడు అది మోగితే ఫోను పాడైందనుకుని దిండు కింద పెట్టింది.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2023లో వాతావరణ మార్పుల మీద ఒక వ్యాఖ్య విడుదల చేసింది, పిల్లల మాట కూడా వినాలని. మన అమెరికా ఆ ఒడంబడికని ఆమోదించనే లేదు, అది వేరే సంగతి. ఆ వాక్యం చదివాక ఒకరోజు మా అమ్మాయిని అడిగాను, తుఫానొచ్చి నేనూ అమ్మా రాలేకపోతే నువ్వు ఎవరితో వెళ్తావు అని. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పక్కింటి తమిళావిడ పేరు చెప్పింది. "వాళ్ళ కుక్క నాకు తెలుసు" అంది. ఇప్పుడు మూడో నంబరు ఆవిడది. ఆవిడ కార్డులో మూడో నంబరు నాది.

వచ్చే ఆదివారం ఈ కార్యక్రమం అయ్యాక గుడి హాల్లో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాను, పదకొండు నుంచి ఒంటిగంట దాకా. మీ లైసెన్సూ, పిల్లల బడి కార్డు నకలూ తెచ్చుకోండి. పేర్లు కలుస్తున్నాయో లేదో కలిసి చూద్దాం. శనివారం తెలుగు బడి నడిపేవాళ్ళు ఎవరైనా వింటూంటే ఏ గదిలో ఎంతమంది పిల్లలుంటారో ఒక కాగితం మీద రాసి తెస్తే మరీ మంచిది, దాన్ని ఎవరికివ్వాలో నేను చెప్తాను. కాఫీ ఉంటుందని నిర్వాహకులు మాటిచ్చారు.